పాట యెక్కడిది?

మా యూరి రామాలయ మంటపమున ధనుర్మాసములో ఉపన్యాసములు చెప్పవచ్చు పండితులలో, శరీరము రేడియో పెట్టె వంటిదనియు, ఆత్మ ఆకాశమెల్ల నిండిన ప్రసారము వంటిదనియు, పెట్టె పగిలినంతమాత్రమున పాటకు చేటు రాదనియు చెప్పనివారు నా చిన్ననాట అరుదు. కుండ పగిలినను అందలి యాకాశమునకు లోటు లేదను పాత దృష్టాంతమునకు అది కొత్త తొడుగు. కొడుకును పోగొట్టుకొన్న మా మేనత్త ఆ మాట విని చెంగుతో కన్నులు ఒత్తుకొని, ఎన్నో దినములకు ఆ పూట కడుపునిండ అన్నము తిన్నది. అట్టి మాటను తర్కమునకు ఈడ్చుట మర్యాద కాదని నేనును ఊరకుంటిని. కాని డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట, మా తాతగారి బ్యాటరీ రేడియోను అటక మీదినుండి దింపి, దుమ్ము దులిపి, తీగ తీగ వెదకి పలికించిన నాటినుండి ఆ యుపమానము నన్ను కుదురుగా కూర్చుండనిచ్చుట లేదు.

ఆ పెట్టె మా యూరికి కరెంటు రాకమునుపటిది. ఏటేటా తపాలా కచేరిలో లైసెన్సు రుసుము చెల్లించుట యొక యెత్తు, దానికి వలయు బరువైన బ్యాటరీ కట్టను పట్నమునుండి తెప్పించుట యొక యెత్తు. సాయంకాలము వార్తల వేళకు వీధి అరుగు నిండెడిది. వార్తలు ముగియగానే, ఎవరెంత బతిమాలినను వినక, బ్యాటరీ అరిగిపోవునని తాతగారు మీట కట్టివేసెడివారు. లోపల డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96 అను నాలుగు వాల్వులు కలవు. వానికి రెండు శక్తులు వేరువేరుగా కావలెను: వెండ్రుక కన్న సన్నని ఫిలమెంట్లు వేడెక్కుటకు 1.4 వోల్టులు, ఆ వేడికి వెలువడిన ఎలక్ట్రానులను ఆవలి ప్లేటువైపు ఈడ్చుకొనుటకు 90 వోల్టులు. నాలుగు ఫిలమెంట్లును కలిసి త్రాగునది 125 మిల్లీయాంపియర్లే. చేతి టార్చిలైటు బల్బు మింగుదానిలో సగమైనను లేదు. ఆ 90 వోల్టుల తీగ పొరపాటున ఫిలమెంటు తీగను తాకినచో నాలుగు వాల్వులును ఒక్క రెప్పపాటున మాడిపోవును.

ఇప్పుడా బ్యాటరీ కట్టలు అంగళ్లలో దొరకవు. చతురస్రపు 9 వోల్టుల బ్యాటరీలు పదింటిని ఒకదాని కొకటి తగిలించి 90 చేసితిని. ఫిలమెంట్లకు ఒక్క టార్చిలైటు సెల్లు. పాతబడిన మైనపు కాగితపు కండెన్సర్లను నమ్మరాదు. ముఖ్యముగా మూడవ వాల్వు ప్లేటునకు నాలుగవ వాల్వు గ్రిడ్డునకు నడుమ నుండునది, పాటను మాత్రము పోనిచ్చి వోల్టేజిని ఆపవలసిన ద్వారపాలకుడు, ముసలితనమున రెండింటిని పోనిచ్చును. అంతట చివరి వాల్వు మితిమీరి కరెంటు గుంజి, పాటను గీరుగొంతుతో పలుకును. మైనము కారి నల్లబడిన ఆ కండెన్సరును తీసి కొత్తది అతికించి, డాబా మీదినుండి వేపచెట్టుకు ఏరియలు తీగ కట్టి, కుళాయి గట్టున తడినేలలో ఎర్తు పాతి మీట త్రిప్పితిని. కరెంటు రేడియోవలె వేడెక్కువరకు కాచుకొనుట ఇందు లేదు. త్రిప్పినంతనే బుస్సుమని ప్రాణము వచ్చినది.

ఉపన్యాసకుల మొదటి పొరపాటు అప్పుడే దొరకినది. పాట ఆకాశమున నిండియున్నదని గదా వారు చెప్పినది? ఆకాశమున పాట లేదు. శబ్దము ఆకాశమునకు విశేషగుణమని వైశేషికులు చెప్పిరి గాని, విజయవాడనుండి మా డాబాకు వచ్చునది మూగ తరంగము. అది శబ్దమగుట మా యింటి స్పీకరు కాగితము అదరినప్పుడే. చార్వాకునకు ఇది సగము గెలుపు. తమలో మత్తులేని పదార్థములు కలిసి పులియగా మత్తు పుట్టినట్లు, భూతములు కలియగా చైతన్యము పుట్టినదని వాడనును. వాల్వులు, కండెన్సర్లు, స్పీకరు కలియగా పాట పుట్టినదనుటకు వానికేమి యడ్డు? పాటకు మూలము వెలుపల నున్నదని మనమెట్లు ఎరుగుదుము? పొరుగింటి పెట్టెయు అదే పాట పాడుటవలన, రైలెక్కి పోయి స్టేషనును కన్నులార చూడగలుగుటవలన. ఆత్మ విషయమున అట్టి రైలు లేదు. సాధింపవలసినదానిని ఉపమానము ముందే ఒప్పుకొని కూర్చున్నది.

పెట్టె ఊరక చెవియొగ్గి వినునదియు కాదు. విజయవాడ తరంగము 837 కిలోహెర్ట్జులు, మా తాతగారి భాషలో కిలోసైకిళ్లు. దానిని పట్టుకొనుటకు మొదటి వాల్వు తనంతట తాను 1292 కిలోహెర్ట్జుల అల నొకదానిని పుట్టించును. రెండింటి భేదమైన 455 మీదనే రెండవ వాల్వు పనిచేయును. తనలో అల లేనిచో ఈ పెట్టెకు వెలుపలి అల చిక్కదు.

అసలు చిక్కు ఒక రాత్రి వచ్చినది. త్యాగరాజ కృతి వచ్చుచుండగా, పల్లవి రెండవమారు ఎత్తుకొనునప్పటికి పాట హఠాత్తుగా మాయమైనది. సన్నని బుస మాత్రము మిగిలినది. "స్టేషను మూసేశారా?" అని లోపలినుండి మా యావిడ కేక వేసినది. స్టేషను మూయలేదు. టార్చిసెల్లు నీరసించి మొదటి వాల్వు తన అలను పుట్టింపలేక ఆగిపోయినది. తక్కిన మూడును కొనయూపిరితో నుండెను. సెల్లు మార్చితిని. పాట మరల వచ్చినది. కాని పల్లవి కాదు, చరణము. నేను డబ్బా వెదకి సెల్లు తెచ్చు నంతసేపు పాట నాకై నిలువక, ఎక్కడనో తన దారిని తాను సాగినది. పాట పెట్టెది కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

నిద్రలేచు మనుష్యుని సంగతి అట్లు కాదు. రాత్రి యెక్కడ విడిచెనో అక్కడనే తెల్లవారి అందుకొనును: సగములో ఆగిన అప్పు లెక్కను, సగములో ఆగిన మొగుడు పెండ్లాల తగవును. పల్లవిలో నిద్రపోయినవాడు పల్లవిలోనే లేచును. ఉపమానము ప్రకారము మన పాట వెలుపలినుండి వచ్చునదే అయినచో, ప్రతి యుదయము మనము చరణములో మేల్కొనవలెను.

అద్వైతి దీనికి బెదరడు. జ్ఞాపకము, తగవు, లెక్క, ఇవి యన్నియు అంతఃకరణమువి, అనగా పెట్టెవి. ఏమియు తెలియక సుఖముగా నిద్రించితినని లేచినవాడు చెప్పగలుగుటకు, ఆ తెలియమిని సైతము చూచిన సాక్షి యొకడుండవలెను, ఆత్మ యనగా వాడే యనును. మంచిది. అట్లయినచో ఉపన్యాసకులు వ్రేలు చూపవలసినది స్టేషనువైపు కాదు, పెట్టె అడుగున చీకటిలోనున్న టార్చిసెల్లువైపు. దానికి రాగము తెలియదు, తాళము తెలియదు. ఒక వాల్వులో అలపుట్టుక, ఒకదానిలో పెంపు, ఒకదానిలో పాటను వేరుపరచుట, ఒకదానిలో గట్టిదనము, ఇన్ని పనులు జరుగుచున్నను నాలుగింటికి వెచ్చదన మిచ్చునది అదొక్కటే. సెల్లు అరిగిపోవును గదా, ఆత్మ అరుగునా యని అడుగువారికి శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున ముందే సమాధానము చెప్పియుంచిరి: చెప్పదలచిన అంశమున దప్ప దృష్టాంతమునకు అన్నివిధముల పోలిక ఎవరును చూపజాలరు, చూపగలిగిన అది దృష్టాంతమే కాదు.

ఈ దిద్దుబాటు నాకు నచ్చినది. కాని మా మేనత్త బ్రదికియున్నచో దీనిని ఆమెతో చెప్పుదునో లేదో ఎరుగను. ఆమెకు ఆనాడు దొరకిన యూరట, కొడుకు గొంతు, వాని నవ్వు, "అమ్మా" యను వాని పిలుపు ఎక్కడనో చెడక నిలిచియున్నవని. నా లెక్కలో అవి పాట, పెట్టెతో పోవును. మిగులునది వెచ్చదనము, దానికి గొంతు లేదు. ఉపన్యాసకులకును ఈ భేదము తెలియక పోలేదేమో, ఎదుట కూర్చున్న ఆమె మొగము చూచి స్టేషను మాట చెప్పిరేమో.

రాత్రి పడుకొనబోవుముందు సెల్లును తీసి గూటిలో వేరుగా పెట్టుచున్నాను. తాతగారును అట్లే చేసెడివారు. లోపలనే మరచినచో కారి, ఇత్తడి రేకును తినివేయును.