ఐతారం

తెలుగులో సెలవు అనే మాట రెండు సందర్భాల్లో వినపడుతుంది. పని మానుకునే రోజు సెలవు. ఒకరి దగ్గర నుంచి కదిలేటప్పుడు పుచ్చుకునేదీ సెలవే. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) మెట్ట పల్లెల్లో మాత్రం సెలవు అనగానే మనసులో మెదిలేది రాక. సెలవు దొరికితే హైదరాబాద్‌లో చదివే కొడుకు ఇంటికొస్తాడు, బిడ్డ తల్లిగారింటికొస్తుంది, పుణెలో తాపీ పనికి పోయిన తమ్ముడు సంచి భుజాన వేసుకొని బస్సు దిగుతాడు. పాత తరంవాళ్లు దీన్ని తాతీల్ అనేవారు. నిజాం కాలపు కచేరీల ఉర్దూ నుంచి ఊరి నోటికెక్కిన మాట అది. ఆదివారం మాత్రం పల్లె నోట ఇప్పటికీ ఐతారమే.

వారానికొక రోజు పని ఆపడం ఇక్కడ మరీ పాత అలవాటేమీ కాదు. పూర్వం పనికి విరామం చెప్పింది చంద్రుడు. అమాస నాడు మగ్గం ఆడేది కాదు, మేస్త్రీ తాపీ పట్టేవాడు కాదు. నేత ఊళ్లలో, కట్టడాల పనుల్లో ఆ పద్ధతి నేటికీ చాలాచోట్ల నడుస్తోంది. జ్యేష్ఠ పున్నమి వస్తే ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఏరువాక సాగేవారు. ఇక వారం లెక్క అంగడిది. దేవరకద్ర ఉల్లిగడ్డల మార్కెట్‌కు బుధవారం, పెబ్బేరు పశువుల సంతకు శనివారం పేరుపడ్డాయి. అంగడికి పోయినవాడు ఎడ్లకు బేరమాడతాడు, విత్తనాలు కొంటాడు. ఆ పనిలోనే మేనమామను కలుస్తాడు, పిల్ల సంబంధం మాట కదుపుతాడు, పిల్లలకు మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకొస్తాడు. పని ఎక్కడ ముగిసిందో, సరదా ఎక్కడ మొదలైందో అతను వేరుచేసి చూడడు.

కచేరీలకూ బడులకూ వారపు సెలవు ప్రభుత్వం నుంచి వచ్చింది. నిజాం పాలనలో అది శుక్రవారం. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక ఆదివారమైంది. ఆ ఆదివారానికి బొంబాయి బట్టల మిల్లులతో ముడి ఉంది. తెల్లవారింది మొదలు పొద్దుగుంకేదాకా యంత్రాల ముందు నిలబడే కూలీలను నారాయణ్ మేఘాజీ లోఖండే కూడగట్టి, ఏళ్ల తరబడి అడగగా 1890లో యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆ నగరాన్ని కట్టిన చేతుల్లో తెలంగాణ చేతులూ ఉన్నాయి. అక్కడి కామాఠీపురకు ఆ పేరు ఇక్కడి నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. ఆ తర్వాత దుకాణాల్లో పనిచేసేవాళ్ల కోసం 1942లో వారపు సెలవుల చట్టం, కార్మికుల కోసం 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చాయి. ఈనాటి ఐతారం కష్టజీవులు అడిగి సాధించుకున్న రోజు.

పని లేని రోజులన్నీ సెలవులు కావు. ఈ తేడా మెట్ట రైతుకు బాగా తెలుసు. ఈ ప్రాంతంలో ఏడాదికి పడేది ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. చెల్కల్లో వేసిన జొన్న, కంది, ఆముదం మొగులుకేసి చూస్తుంటే నాగలి గోడకు ఆనించి ఉంటుంది. మనిషి అరుగు మీద ఊరికే కూర్చుంటాడు. ఆ కూర్చోవడంలో సుఖం ఉండదు, ఆ ఖాళీకి కరువని పేరు. అందుకే తరాలుగా జనం మూట కట్టారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పసిపిల్లలను ముసలివాళ్లకు అప్పజెప్పి, ఆలుమగలు కలిసి కాలువలు తవ్వడానికి, ఆనకట్టలు కట్టడానికి దూర రాష్ట్రాలకు పోయారు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు అలా దేశమంతా పాకింది. చేతికి పని ఉండి, రేపూ ఉంటుందన్న ధైర్యం ఉండి, ఇవాళ దాన్ని పక్కన పెట్టగలిగితేనే సెలవు. బీడు పక్కన కూర్చున్నవాడికి కావలసినంత తీరిక ఉంటుంది, సెలవు మాత్రం దొరకదు.

వలస వల్లే ఇక్కడి పండుగలకు ఇంత బరువు వచ్చింది. పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగ ఇందుకు మంచి ఉదాహరణ. మొహర్రం నెలలో కర్బలా అమరులను తలచుకుంటూ పీర్లను నిలబెడతారు. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. ముంబై, పుణె నుంచి వచ్చినవాళ్లు ఊదు వేస్తారు, మలీద పంచుతారు, రాత్రి అలావా గుండం చుట్టూ అడుగు కలుపుతారు. ఈ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కూలీలు దానికి తగ్గట్టు తమ పనిని జరుపుకుంటారు. ఊళ్లో మొక్కు ఉందంటే మేస్త్రీ కాదనలేడు. అతని మొక్కూ ఆ ఊళ్లోనే ఉంటుంది.

దసరాకు వచ్చే జనం ఇంకా ఎక్కువ. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల వేడుకను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2016లో అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడి పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ముక్కలైన రోజు కూడా దసరాయే. గీతలు మారాయి గాని, సద్దుల నాటి పొద్దున ఇంటి ముంగిట జరిగే పని మారలేదు. తెల్లవారక ముందే మగపిల్లలు పొలం గట్ల వెంట తిరిగి తంగేడు, గునుగు కోసుకొస్తారు. తల్లి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు పేరుస్తుంది. నడుమ బోలుగా ఉండిపోకుండా ఆకుల తుంపులు నింపుతుంది. గునుగు కొసలను ఒకటే ఎత్తుకు కత్తిరించి, ఎరుపు, ఆకుపచ్చ రంగు నీళ్లలో ముంచి ఇంకో వరుస పెడుతుంది. పైకి పోయేకొద్దీ గుండ్రం చిన్నదవుతుంది. చివర పసుపు గౌరమ్మ. ఒక్క చేత్తో అయ్యే పని కాదిది. ఒకరు పూలు అందించాలి, ఒకరు కట్టలు కట్టాలి, ఒకరు పక్కకు ఒరిగిందేమో చూసి చెప్పాలి. పట్నం నుంచి వచ్చిన మనుమరాలు పేర్చడం నేర్చుకునేది అప్పుడే. సాయంత్రానికి ఆ పూలన్నీ చెరువు నీళ్లలో తేలిపోతాయి. నువ్వుల సద్ది, పెరుగు సద్ది చేతులు మారతాయి. రోజంతా పడిన శ్రమకు చూపడానికి ఏమీ మిగలకపోయినా ఎవరూ బాధపడరు, ఎందుకంటే అది కలిసి చేసిన శ్రమ.

మనుషుల ఆటపాటలు, తిండి, వేడుకలు కూడా చరిత్రే అని తెలుగువాళ్లకు గట్టిగా చెప్పిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి తెలుగు పుస్తకం. రాజుల యుద్ధాల కంటే ప్రజలు ఎలా బతికారన్నదే ఆ పుస్తకానికి ముఖ్యం. జాతరలను ఆ చూపుతో చూడాలి. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతరలో కార్తీక మాసాన చిన్నవడ్డెమాన్ నుంచి తోలు ఉద్దాలు ఊరేగింపుగా గుట్టకు చేరతాయి. దళిత కుటుంబాలు నియమంతో కుట్టిన ఆ చెప్పులను భక్తులు తలకు తాకించుకుంటారు. ఏడాదంతా ఎవరి పని చిన్నదని లోకం అంటుందో, ఆ పని ఆనాడు అందరి తలలపైకి ఎక్కుతుంది. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతరకు బంధుబలగమంతా కదిలి, గట్టు కింద గుడారం వేసుకొని వండుకు తింటుంది.

ఇవి ఏడాదికో, రెండేళ్లకో వచ్చేవి. మామూలు ఐతారం వీటికి చిన్న చెల్లెలు. పొద్దున చియ్యకూర కోసం దుకాణం ముందు నిలబడటం, మధ్యాహ్నం బగార అన్నం, పాలమూరు వైపైతే పక్కనే జొన్నరొట్టె, ఎండాకాలంలో నల్లగొండ తాటివనాల్లో ముంజలు, సాయంత్రం వేపచెట్టు కింద దోస్తుల ముచ్చట్లు. ఈ మధ్య ఐతారాలకు ఇంకో అందం చేరింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి బ్యాచులు ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కలుసుకుంటున్నాయి. రిటైరైన సార్లకు శాలువా కప్పుతారు. కొన్నిచోట్ల సారు పాత వరుసలోనే హాజరు పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ, ఆటో డ్రైవరూ, కౌలు రైతూ ఒకే బెంచీ మీద నుంచి పలుకుతారు. పిలిచిన పేరుకు ఎవరూ పలకనప్పుడు గది కాసేపు మౌనంగా ఉంటుంది. జీవితం ఎవరెవరిని ఎక్కడెక్కడ పెట్టిందో అన్నది ఆ ఒక్క పూట పక్కకు జరుగుతుంది.

ఊరు దాటి పోవాలనుకునేవాళ్లకు కృష్ణమ్మ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేసిన నాగార్జునసాగర్‌కు 26 క్రస్టు గేట్లు. అవి ఎత్తారన్న కబురు రాగానే హైదరాబాద్ దాకా కార్లు కదులుతాయి. అక్కడ చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి వెలుగుతుంది. ఇంట్లో గరిటె పట్టని మగవాళ్లు గంజులో కూర కలుపుతారు. నీటి తుంపర మీద పడితే ముసలమ్మ పిల్లలా నవ్వుతుంది. గద్వాల, ఆత్మకూరు మధ్య జూరాల కట్ట దగ్గర అప్పుడే వేయించిన చేపల వాసనకు బండ్లు ఆగుతాయి. రాళ్లెత్తి, మట్టి మోసి ఇలాంటి ఆనకట్టలు నిలబెట్టిన కూలీల మనుమలు కూడా ఆ గుంపుల్లో ఉంటారు. తాత పని చేసిన చోట మనుమడు సెలవు గడపగలగడం ఒక కుటుంబం చేసిన దూర ప్రయాణం.

సరదాకు హద్దు ఎక్కడో చెప్పింది పాలమూరు పిల్లలమర్రి. దాదాపు 700 ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రి సుమారు మూడెకరాల్లో ఊడలు దింపుకొని ఉంది. తరాలపాటు పిల్లలు ఆ ఊడలు పట్టి ఊగారు, కొమ్మల మీద కూర్చుని ఫోటోలు దిగారు. చెదలు పట్టిన చెట్టు నుంచి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపేశారు. 2018లో మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, కాండంలోకి మందు ఎక్కించారు. ఊడలకు సిమెంటు ఊతాలు కట్టారు. మనుషులు రావడం ఆగాక ఆ చెట్టు మెల్లగా తేరుకొని కొత్త చిగుళ్లు వేసింది. వారమంతా పనిచేసిన ఒంటికి విడుపు ఎలా కావాలో, వారం వారం సంతోషం పంచిన చెట్టుకూ, చెరువుకూ, గుట్టకూ అలాగే కావాలి. సాగర్ ఒడ్డున తిని వదిలేసిన ప్లాస్టిక్ పళ్లేలు, పగిలిన సీసాలు తర్వాత వచ్చేవాళ్ల ఐతారాన్ని పాడుచేస్తాయి.

ఐతారం అందరికీ ఒకే తీరుగా రాదు. ఇంటికి పదిమంది వస్తే పొయ్యి దగ్గర ఉన్న మనిషికి పని రెట్టింపు. అందరూ తిన్నాక, కూర గిన్నె అడుగంటాక ఆమె కూర్చుంటుంది. పండుగ ముందురోజు కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టే కండక్టరుకు, పొద్దున్నే తాడెక్కే గీత కార్మికుడికి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు పక్కవాళ్ల సెలవే పని. వాళ్ల శ్రమ మీదే మిగతావాళ్ల సంతోషం నిలబడుతుంది. సాగర్ చెట్ల కింద గరిటె పట్టిన చెయ్యి ఇంట్లోనూ పట్టగలదు. బతుకమ్మ పేర్చినట్టు వంటనూ నలుగురూ కలిసి చేస్తే, తల్లి కూడా అందరితోపాటు విస్తరి ముందు కూర్చుంటుంది. ఒకరికి విశ్రాంతి, ఒకరికి చాకిరీగా గడిచిన రోజును ఆ ఇంటి సెలవు అనడానికి వీల్లేదు.

సోమారం పొద్దున బస్సు వస్తుంది. ఎక్కేవాళ్లు ఇక్కడ పోతున్నామని అనరు. పోయొస్త అంటారు. సంచిలో అమ్మ కట్టిచ్చిన తపాలచెక్కలు, తొక్కు సీసా ఉంటాయి. గడపలో నిలబడ్డ ముసలివాళ్లు మళ్లెప్పుడని అడుగుతారు, వాళ్లకు కావలసింది ఒక తారీకు. ఈ వారం ఊరికి పోగలిగినవాళ్లు పోవాలి, పోలేనివాళ్లు ఆ తారీకైనా చెప్పాలి.