నియంత పారిపోయిన మర్నాడు

2024 డిసెంబర్ 8న సిరియా నియంత బషర్ అల్ అసద్ మాస్కోకు పారిపోయాడు. ఆ రోజే డమాస్కస్‌లో జనం ఇరాన్ రాయబార కార్యాలయంలోకి చొరబడ్డారు. భవనం ముందున్న ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీ పెద్ద బొమ్మను చించేశారు. కిటికీ అద్దాలు పగిలాయి. లోపల నేలంతా కాగితాలు. ఆ వీడియోలు చూస్తుంటే నా మనసు డమాస్కస్‌లో నిలవలేదు, టెహ్రాన్‌కు పోయింది. పరాయి దేశపు ఎంబసీ గోడ దూకడాన్ని ఏటా ఉత్సవంగా జరుపుకునే రాజ్యానివే మరి ఆ పగిలిన అద్దాలు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడ్డారని ఊరుకోవచ్చు. కానీ సామెతతో తేలిపోయే సంగతి కాదిది.

నియంత కూలిన రోజున జనానికి నియంత దొరకడు. అతని పోలీసులు యూనిఫాం విప్పేసి గుంపులో కలిసిపోతారు. చేతికి అందేవి విగ్రహాలు, ఆ పైన అతని స్నేహితుల గేట్లు. పదమూడేళ్ళ యుద్ధంలో అసద్‌ను నిలబెట్టినవి రష్యా విమానాలు, ఇరాన్ డబ్బు, ఇరాన్ పంపిన సాయుధులు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ భవనం దౌత్య కార్యాలయంగా ఎలా కనిపిస్తుంది?

టెహ్రాన్ కోపమూ గాలిలోంచి పుట్టింది కాదు. 1953లో ఇరాన్ ప్రధాని మొసద్దెఖ్‌ను దించి రాజు షా పట్టును బిగించిన కుట్రలో అమెరికా, బ్రిటన్ గూఢచారుల చెయ్యి ఉంది. 1979లో దేశం వదిలిన షాకు అక్టోబర్‌లో అమెరికా వైద్యం కోసం తలుపు తీసింది. మళ్ళీ 1953 రాబోతోందని ఇరానీయులు అనుమానించారు. నవంబర్ 4న విద్యార్థులు టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీ గోడ దూకారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉండిపోయారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ నవంబర్ కాదు, అదే ఏడాది ఫిబ్రవరి. విప్లవం గెలిచిన మూడు రోజులకే, ఫిబ్రవరి 14న, అదే ఎంబసీ మీద సాయుధులు దాడి చేసి రాయబారి సలివన్‌నూ సిబ్బందినీ పట్టుకున్నారు. కొత్త ప్రభుత్వం తరఫున ఇబ్రహీం యజ్దీ స్వయంగా వచ్చి, కొన్ని గంటల్లోనే విడిపించాడు. అదే గోడ, అదే కోపం. నవంబర్‌లో మాత్రం ఎవరూ ఆపలేదు. పైగా విప్లవ నేత ఖొమేనీ దాన్ని మెచ్చుకున్నాడు. రెండు రోజుల్లో ప్రధాని బజార్గాన్ రాజీనామా చేశాడు. దూకింది అమెరికా గోడే అయినా, కూలింది ఇరాన్‌లోని మితవాదుల ప్రభుత్వం.

అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మే 24న ఇచ్చిన తీర్పు ఈ తేడానే పట్టుకుంది. మొదట గోడ దూకింది విద్యార్థులు, ఆ పనిని నేరుగా రాజ్యానికి అంటగట్టలేమంది. ఆపవలసిన రాజ్యం ఆపకపోవడం తప్పంది. ఖొమేనీ ఆమోదముద్ర వేశాక అది రాజ్యం చేసిన పనే అయిందంది. ఇరాన్ కోర్టుకు రాలేదు. పాతికేళ్ళ అమెరికా జోక్యంలో ఇదొక చిన్న ముక్క అని ఉత్తరం రాసి ఊరుకుంది. ఫిర్యాదు ఉంటే రుజువులు తెచ్చి చెప్పాల్సిందని న్యాయమూర్తులు అన్నారు. దౌత్యవేత్త గూఢచారి అనుకుంటే వెళ్ళిపొమ్మనవచ్చు, సంబంధాలే తెంచుకోవచ్చు, చట్టంలో ఆ దారులున్నాయని గుర్తుచేశారు.

కోపానికి కారణం ఉండటం వేరు, ఆ కోపంతో ఏం చేసినా చెల్లుతుందనుకోవడం వేరు. 444 రోజులు లోకానికి గుర్తున్నంతగా 1953 గుర్తులేదు. బలవంతుడి మీద మోపాల్సిన నేరాన్ని ఇరాన్ తన చేతులతోనే మరుగున పడేసింది.

గోడ దూకిన కుర్రవాళ్ళకైనా మిగిలిందేమిటి? విద్యార్థి నాయకుల్లో ఒకడైన అబ్బాస్ అబ్దీ 1998లో పారిస్‌లో, ఒకప్పటి బందీ బారీ రోసెన్‌తో కలిసి కూర్చున్నాడు. 2002లో అతన్నే అరెస్టు చేశారు. అమెరికాతో మాట్లాడాలని ఎక్కువ మంది ఇరానీయులు కోరుకుంటున్నారని తేల్చిన సర్వేలో అతని పాత్రే అందుకు కారణం. రాజ్యం ఒకసారి జనం కోపాన్ని తన ఖాతాలో వేసుకున్నాక, దాన్ని చల్లార్చుకునే హక్కు కూడా జనానికి మిగల్చదు.

ఇదంతా దూరపు కథ అనుకోవడానికి మనకూ వీల్లేదు. 2024 ఆగస్టు 5న, బంగ్లాదేశ్‌ను వరసగా పదిహేనేళ్ళు ఏలిన షేక్ హసీనా ఢాకా వదిలి మన దేశానికి వచ్చింది. ఆ రోజే అక్కడి మన ఇందిరాగాంధీ సాంస్కృతిక కేంద్రం మీద దాడి జరిగింది. సంగీతం, నాట్యం, యోగా నేర్పే చోటు అది. ఆ తర్వాత మూడు రోజులు అక్కడ ప్రభుత్వమే లేదు. ఆ దాడి అన్యాయమే, సందేహం లేదు. కానీ పొరుగుదేశంలో మనం ఎవరి చెయ్యి పట్టుకున్నాం, ఎవరి గోడు వినలేదు అన్న ప్రశ్నను ఆ అన్యాయం కొట్టేయదు.

రాయబార కార్యాలయాన్ని ముట్టకూడదని 1961 వియన్నా ఒప్పందం చెబుతోంది. కాపాడే బాధ్యత ఆతిథ్యమిచ్చిన రాజ్యానిది. నియంత పోయిన రోజున ఆ రాజ్యమే కనిపించదు. అందుకే ఆ ఒక్క రోజు గుంపును చూసి నేను విప్లవానికి తీర్పు చెప్పను. మర్నాడు పగ్గాలు పట్టినవాళ్ళు యజ్దీలా గేటు దగ్గరికి వెళ్ళారా, ఖొమేనీలా మెచ్చుకున్నారా అని చూస్తాను. కొత్త పాలకుల కింద తమ బతుకు ఎలా ఉండబోతోందో ఆ దేశపు జనానికి కూడా అక్కడే మొదట తెలిసిపోతుంది.