కర్మ ఎవరిది?

బిడ్డకు మాట ఆలస్యమైనా, చదువు అంటకపోయినా ఇంట్లో పెద్దలు చాలాసార్లు పోయిన జన్మ ఖాతా తెరుస్తారు. మహాభారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుడి కథ మరో దారి పట్టింది. తల్లి కడుపులో ఉండగానే అతడు తండ్రి కహోడుడి వేదపాఠంలో తప్పు పట్టాడు. శిష్యుల ముందు పరువు పోయిందని తండ్రి శపించాడు. కొడుకు ఎనిమిది వంకర్లతో పుట్టాడు. ఇక్కడ బిడ్డ పాత పాపం ప్రసక్తే లేదు, వినే ఓపిక లేని తండ్రి ఉన్నాడు.

ఆసిఫాబాద్ గూడేల్లో ఆ శాపానికి ఇప్పటి పేరు ‘మొద్దు’.

మూడేళ్ల పిల్ల ఇంట్లో గోండీలోనో కొలామీలోనో గలగలా మాట్లాడుతుంది. అంగన్‌వాడీలో వినిపించేది తెలుగు. పిల్ల నోరు మెదపదు. ఆ మౌనమే బడిదాకా వెంటవచ్చి ‘వెనకబాటు’ అనిపించుకుంటుంది. భాషా లోపం నిజంగా ఉంటే ఇంటి భాషలోనూ కనబడాలి. అవ్వకు కథ చెప్పే పిల్లకు తెలుగు రాకపోవడం వైకల్యమెలా అవుతుంది? ఇంటి భాషలో చదువు చెప్పాలన్న సంగతి ఇక్కడ కొత్తదేమీ కాదు: 1943లోనే మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి.

చిన్నప్పటి ఆసరా ఏం చేయగలదో మరోచోట తేలింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1972లో అబెసిడేరియన్ అధ్యయనం మొదలైంది. పేద కుటుంబాల పసివాళ్లను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అయిదేళ్లు వచ్చేదాకా ఒక కేంద్రంలో రోజంతా సంరక్షణ, ఆటపాటలతో చదువు అందించారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ప్రత్యేక విద్య అవసరమైనవారు ఆ జట్టులో రెండో జట్టుకంటే దాదాపు సగమే. అంతా కర్మే అయితే, లాటరీ దాన్ని సగానికి ఎలా తగ్గించింది? లాటరీలో పేరు రావడమూ కర్మేనంటారా, సరే. మరి ఆ కేంద్రం తెరవడం ఎవరి కర్మ?

అలాగని మంచి అంగన్‌వాడీ చెవుడును పోగొట్టదు, డౌన్ సిండ్రోమ్‌ను మాన్పదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పుట్టుకతో వచ్చేవి చాలా ఉన్నాయి. అయితే పిలిస్తే తల తిప్పని పిల్లను ముందుగా పసిగట్టగలిగేది అక్కడి టీచరే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీల్లోనే పిల్లల్ని పరీక్షిస్తాయి. ఆపైన ఆసరాకు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలున్నాయి.

గూడెం అంగన్‌వాడీలో టీచరో ఆయమ్మో, ఒక్కరైనా పిల్లల భాష వచ్చినవారు ఉండాలి. ఏ పిల్లనైనా వెనకబడిందని రాసేముందు ఆమె భాషలో ఒకసారి మాట్లాడించి చూడండి.