దానం చేసేది ఎవరు?

దానం అనగానే మనకు వరసగా మగవాళ్లే గుర్తొస్తారు. తొడ కోసి తూచిన శిబి, వెన్నెముక ఇచ్చిన దధీచి, కవచకుండలాలు ఒలిచిచ్చిన కర్ణుడు. కళ్ల సంగతికొస్తే శ్రీకాళహస్తిలో లింగానికి తన కన్ను పెరికి పెట్టిన తిన్నడు ఉండనే ఉన్నాడు. మరి ఈ వరసలో స్త్రీ ఎక్కడుంది? కన్యాదానంలో ఉంది. అక్కడ ఆమె ఇచ్చే మనిషి కాదు, ఎవరో ఎవరికో ఇచ్చేసే వస్తువు. గోదానం, భూదానం, కన్యాదానం అని ఒకే ఊపిరిలో అనేస్తాం. అందుకే నేత్రదానం మాట వచ్చినప్పుడు పుణ్యం ఎంత అన్న ప్రశ్న నాకు రాదు. ఒక స్త్రీ చనిపోతే ఆమె కళ్లు ఇచ్చేది ఎవరు, ఆమేనా అన్నదే నా ప్రశ్న.

నేత్రదానంలో పనికొచ్చేది ముఖ్యంగా కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర. దానిలో రక్తనాళాలు ఉండవు. కాబట్టి బ్లడ్ గ్రూపు కలవాలన్న పట్టింపు మామూలుగా రాదు. వయసు అడ్డు కాదు, కళ్లజోడు అడ్డు కాదు, శుక్లం ఆపరేషన్ అయినా అడ్డు కాదు. హెచ్‌ఐవి, హెపటైటిస్, రేబిస్ లాంటి జబ్బులుంటే తీసుకోరు. పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోయే పని. ముఖం వికారం కాదు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో మొదలైంది. 1989లో దానికి రామాయమ్మ ఐ బ్యాంకు వచ్చింది. 2011లో విజయవాడలోనూ ఆ సంస్థ ఆసుపత్రి తెరిచారు. దూరం తగ్గింది. తగ్గనిది గడువు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఆ ఆరు గంటలూ మన ఇళ్లలో ఎలా ఉంటాయో మనకు తెలుసు. లోపల ఆడవాళ్లు ఏడుస్తుంటారు, బయట అరుగు మీద మగవాళ్లు నిర్ణయాలు చేస్తుంటారు.

మా అత్తగారిది ముక్త్యాల. కృష్ణ ఒడ్డున ముక్తేశ్వరుడి గుడి ఉన్న ఊరు. మిరప, పత్తి చేలల్లో ఆమె జీవితం గడిచింది. "అమ్మాయ్, నేను పోతే నా కళ్లు ఇచ్చెయ్యండి. కాల్చి బూడిద చేసేదేముంది?" అని నాతో చాలాసార్లు అంది. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేదు. 2018 చలికాలంలో, తెల్లవారుజామున పోయింది. నేను రెప్పలు మూసి, తడిదూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాను. ఐ బ్యాంకు వాళ్లకు ఫోన్ చేద్దామంటే పెద్ద బావగారు ఒప్పుకోలేదు. "అమ్మను కళ్లు లేకుండా సాగనంపుతామా? వచ్చే జన్మలో గుడ్డిదై పుడితే?" అన్నారు. నా మాట ఎవరూ వినలేదు. విన్నది మా వదిన. "అన్నయ్యా, అమ్మ నాతోనూ అంది. నేను సంతకం పెడతాను, నువ్వు అడ్డు చెప్పకు" అంది. చాలాసేపటికి ఆయన "మీ ఇష్టం" అని లేచిపోయారు. గడువు ఇంకో గంట ఉందనగా మనిషి వచ్చాడు.

తరవాత చట్టం చదివినప్పుడు ఆ ఉదయం కొత్తగా అర్థమయింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలోకి 2011 సవరణతో కణజాలాలు కూడా చేరాయి. దాని ప్రకారం దగ్గర బంధువులంటే భర్త లేక భార్య, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, తోబుట్టువులు, తాత, అమ్మమ్మ, నాయనమ్మ, మనవలు, మనవరాళ్లు. ఇందులో కోడలు లేదు. ఏళ్ల తరబడి మంచం పక్కన మలమూత్రాలెత్తిన కోడలి మాటకు అక్కడ బరువు లేదు. పోయిన మనిషి రాసిపెట్టకపోతే, దగ్గర బంధువుల్లో ఒక్కరికి అభ్యంతరముందని తెలిసినా కళ్లు తియ్యకూడదు. అయితే అదే చట్టం కూతుర్ని కొడుకుతో సమానంగా లెక్కపెట్టింది. ఊరు దీనికి తలకిందులు. "ఆడపిల్ల ఆడ పిల్లే, పరాయి ఇంటిది" అని తలకొరివి దగ్గర కూతుర్ని పక్కకు నెడుతుంది, చాకిరీ దగ్గర కోడల్ని "ఈ ఇంటి మనిషి" అంటుంది. మా వదినా నేనూ, ఒకరికి లేని హక్కు ఇంకొకరు తెచ్చుకుంటేనే ఒక స్త్రీ మాట నిలబడింది.

కళ్ల కోసం ఇంత సమ్మతి అడుగుతున్నారే, అది మంచిదే. కానీ భర్త పోయిన స్త్రీ చేతుల మీద గాజులు పగలగొట్టేటప్పుడు ఎవరైనా సమ్మతి అడుగుతున్నారా? బతికున్న శరీరానికి లేని మర్యాద చనిపోయాక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకో వైపు నుంచీ చూడాలి. త్యాగం అనేది స్త్రీకి కొత్త కాదు, అలవాటు చేసిన పని. 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో స్త్రీలకు అందినవి 6,945 మాత్రమేనని 2023లో వెల్లడైన కేంద్ర గణాంకాలు చెబుతున్నాయి. బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో మాత్రం ఎక్కువమంది స్త్రీలే. కిడ్నీ ఇవ్వడానికి భార్య ఒప్పుకుందా అని ఇంట్లో ఎవరూ గట్టిగా అడగరు. కాబట్టి 'స్త్రీలు ఇంకా ఇవ్వాలి' అని నేను రాయలేను. ఇచ్చేది తన ఇష్టంతో ఇవ్వాలి, అవసరమైతే తీసుకోవడానికీ సిగ్గుపడకూడదు అని రాయగలను.

తీసుకునేవాళ్ల సంగతి మనం తక్కువ మాట్లాడతాం. పైరు ఆకో ముల్లో గీసుకుని కంట్లో పుండు పడటం, ఆకు పసరు పోసుకోవడం, తెల్లపొర కమ్మేదాకా పనిలోకి పోతూనే ఉండటం, ఇది మన చేలల్లో కూలికెళ్లే ఆడవాళ్లకు తెలిసిన కథే. ప్రపంచంలో చూపు దెబ్బతిన్నవాళ్లలో 55 శాతం స్త్రీలు. మార్పిడి అయ్యాక కథ ముగియదు. నెలల తరబడి చుక్కల మందు వేసుకోవాలి, మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. కన్ను ఎర్రబడి, చూపు మసకబారితే వెంటనే పరుగెత్తాలి, లేకపోతే శరీరం ఆ పొరను తిరస్కరించవచ్చు. కూలి పోగొట్టుకుని ఆమెను బస్సెక్కించేది ఎవరు? ఒక ఇల్లు కన్నీళ్ల మధ్య ఇచ్చిన చూపు ఇంకో ఇంట్లో బస్సు చార్జీ లేక పోతే, ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

అత్తయ్య కళ్లు ఎవరికి పెట్టారో మాకు చెప్పలేదు. చెప్పకపోవడమే నియమం. మొదట్లో బాధపడ్డాను. జగ్గయ్యపేట బస్టాండులో కొత్తవాళ్ల కళ్లలోకి వెతుక్కుంటూ చూసేదాన్ని. ఇప్పుడు ఆ నియమమే మంచిదనిపిస్తోంది. పేరు తెలిస్తే మనం దాతలమవుతాం, వాళ్లు జీవితాంతం రుణపడిన వాళ్లవుతారు. దానం అన్న మాటలో ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. పేరు తెలియనప్పుడు ఏ చెయ్యీ పైన లేదు. కులం అడగకుండా, ఆడా మగా అడగకుండా ఒక మనిషి శరీరం ఇంకో మనిషికి పనికొచ్చింది, అంతే.

అందుకని నా స్నేహితురాళ్లకు చెప్పేది ఒకటే. ఇవ్వాలనుకుంటే బతికుండగానే రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. ఆ ఇద్దరిలో ఒకరు దగ్గర బంధువై ఉండాలి. ఇంట్లో అందరి ముందూ ఒకసారి గట్టిగా చెప్పండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే అదీ అంతే గట్టిగా చెప్పండి. మన శరీరం గురించి మనం చెప్పిన మాట మనం లేనప్పుడూ చెల్లాలంటే, ఉన్నప్పుడే చెల్లించుకోవడం నేర్చుకోవాలి.