పదో మనిషి

ఆ రోజు ఆ ఊళ్ళో నేను ఒకరి డోసు కాజేశానా, తొమ్మిది మందికి వేయించానా? ఏళ్ళు గడిచాయి, ఇంకా తేలలేదు. తేలకపోతే మునిగిందేముంది అనుకుందామంటే నా ఉద్యోగం ఊరుకోదు. ఫార్మసీ కాలేజీలో ఏటా చివరి సెమిస్టరు పిల్లలకు టీకాల పంపిణీ గురించి చెబుతాను. బయట సభలకు పిలిచినా 'వ్యాక్సిన్ ఈక్విటీ' మీదే పిలుస్తారు. ఆ మాటకు తెలుగు వెతికి విసిగిపోయాను. సమానత్వం అంటే చాలదు. సమన్యాయం అంటే కోర్టు వాసన. చివరికి 'అందరికీ అందడం' దగ్గర ఆగాను. అందడమనే మాటలో ఎవరో ఒకరు చెయ్యి చాచాలన్న సంగతి కూడా ఉంది కదా అని తృప్తి. ఆ తృప్తే ఇప్పుడు గుచ్చుతోంది, ఆ సంగతి తర్వాత.

2021 ఏప్రిల్. ఒకటో తారీఖు నుంచి నలభై అయిదేళ్ళు నిండిన వాళ్ళందరికీ కొవిడ్ టీకా అన్నారు. నాకప్పుడు యాభై ఒకటి. హైదరాబాద్‌లో స్లాట్లు కనబడీ కనబడకముందే నిండిపోతున్నాయి. మా ఆవిడ ఫోన్లో పిన్‌కోడ్లు మార్చి మార్చి, నల్గొండ దారిలో ఒక పీహెచ్‌సీలో ఖాళీ పట్టింది. "ఊళ్ళల్లో ఎవరూ వేయించుకోవడం లేదట, దొరుకుతుంది వెళ్ళండి" అంది. ఆ 'లేదట' చేతపట్టుకుని అరవై కిలోమీటర్లు కారు నడిపాను. ఎవరన్నారని అడగలేదు. అడిగితే ప్రయాణం ఆగిపోయేదేమో.

వెళ్ళేసరికి రెండు దాటింది. రేకుల షెడ్డు కింద తొమ్మిది మంది కూర్చున్నారు. అందులో నలుగురు నాలాగే పట్నం నుంచి కార్లలో దిగినవాళ్ళు. కాళ్ళకున్న బూట్లే చెబుతున్నాయి. నర్సు నా ఆధార్ చూసి, నిజంగానే సంతోషపడింది.

"మీరు పదో మనిషి సార్. మీ కోసమే కూసున్నం. మీరు రాకుంటే వీళ్ళందరినీ రేపు రమ్మనేదాన్ని."

కొవిషీల్డ్ సీసాలో అయిదు మిల్లీలీటర్లు, అంటే పది డోసులు. రబ్బరు మూతలోకి మొదటి సూది దిగిన క్షణం నుంచి నాలుగు గంటలు. ఆలోపు వాడనిది పారేయాలి. పారేస్తే లెక్క చెప్పాలి. సరిగ్గా నెల ముందు, మార్చి 17న, ముఖ్యమంత్రులతో ప్రధాని సమావేశంలో వ్యాక్సిన్ వృథా లెక్క బయటపెట్టారు. దేశం సగటు 6.5 శాతమైతే తెలంగాణ 17.6, ఆంధ్రప్రదేశ్ 11.6. రెండు తెలుగు రాష్ట్రాలూ పేపర్ల మొదటి పేజీలో పరువు పోగొట్టుకున్నాయి. ఆ అంకె ఢిల్లీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఈ రేకుల షెడ్డుకు దిగేసరికి ఒక్క ఆజ్ఞగా మారింది: పది మంది రానిదే సీసా తెరవకు. కాగితం మీద ఎవరూ అలా రాసి ఉండరు. మామూలు పిల్లల టీకాల్లో అయితే ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనే రాసి ఉంది. అయినా బుధవారం నాడు ఇద్దరే బిడ్డలొస్తే బీసీజీ సీసా తెరవడానికి ఏఎన్ఎం చెయ్యి ఆడదు. "శనివారం తీసుకురా తల్లీ" అంటుంది. సమీక్షలో నిలబడాల్సింది ఆమే.

సీసా తెరవబోతూ నర్సు తనలో తాను అనుకున్నట్టు అంది: "పొద్దున తొమ్మిదింటికి ఒక ముసలమ్మ వచ్చింది సార్. అందరికన్న ముందు ఆమెనే. పదిన్నర దాకా కూసుంది. అప్పటికి ముగ్గురే అయిన్రు. పూట కూలన్నా దక్కుతదని బత్తాయి తోటకు పోయింది."

నా ప్రశ్నకు పునాది ఇక్కడ పడింది.

నా డోసు ఆమెదా? కాదు. నేను రాకపోతే సీసాయే తెరుచుకునేది కాదు. ఆమెకూ రాదు, తొమ్మిది మందికీ రాదు. ఈ లెక్కన నేను దాతను. కానీ ఆమె వచ్చినప్పుడు తెరుచుకోని మూత, బూట్లు వేసుకున్న అయిదుగురు వస్తేనే ఎందుకు తెరుచుకుంది? మేమూ పదిలో భాగమే, ఆమె కూడా ఒక అంకే కదా. తేడా ఏమిటంటే, మేం ఎప్పుడు రావాలో ఫోను చెప్పింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ముందు వచ్చింది, అదే ఆమె తప్పయింది. లైన్లో ముందు నిలబడినవాడికి ముందు అందుతుందనే మాట నేను చిన్నప్పటి నుంచి రేషన్ షాపు దగ్గర నమ్ముతూ వచ్చాను. పది డోసుల సీసా ముందు ఆ మాట నిలవలేదు.

ఇదే వాదం ప్రపంచం స్థాయిలో వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. 2020లో కెనడా తన జనాభాకు ఎన్నో రెట్లు డోసులు రిజర్వు చేసుకుంది. అమెరికా, బ్రిటన్, ఐరోపా అదే దారి. అడిగితే వాళ్ళ ఆర్థికవేత్తలు చెప్పే సమాధానం ఏమిటి? మా ముందస్తు డబ్బు పడకపోతే కార్ఖానాలే కదిలేవి కావు, మీకు ఆ కాస్తయినా వచ్చేది కాదు. అంటే, మేం పదో మనిషిమి. ఈ వాదాన్ని క్లాసులో ఏటా ఉతికి ఆరేస్తాను. 2021 చివరికి రెండు వందల కోట్ల డోసులు దేశాలకు పంచుతామన్న అంతర్జాతీయ ఏర్పాటు కొవాక్స్, నూరో కోటి డోసు చేర్చేసరికి 2022 జనవరి వచ్చిందని బోర్డు మీద రాస్తాను. పేటెంట్లు తాత్కాలికంగా పక్కన పెట్టమని ఇండియా, దక్షిణాఫ్రికా 2020 అక్టోబర్‌లో అడిగితే, ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో అరకొర తీర్మానం చేసిందని చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. కెనడాకు ఒప్పని వాదం నల్గొండ దారిలో నాకు ఎలా ఒప్పింది?

ఇంకో మాట ఒప్పుకోవాలి. 2021 జనవరి 20న భూటాన్‌కూ మాల్దీవులకూ మన టీకాలు విమానమెక్కినప్పుడు గర్వపడ్డాను. ఏప్రిల్‌లో ఆక్సిజన్ లేక మనుషులు పోతుంటే, "మన మందు మనకు లేకుండా బయటికి ఎందుకు పంపారు" అని బంధువుల గ్రూపులో టైపు చేసింది కూడా నేనే. న్యూజెర్సీలో ఉన్న మా తోడల్లుడు, రెండు డోసులూ అయిపోయినవాడు, దానికి లైక్ కొట్టాడు. ఎగుమతులు ఆగాయి. మన సీసాల మీద ఆశపెట్టుకున్న ఆఫ్రికా దేశాల్లో మొదటి డోసు వేయించుకున్నవాళ్ళు రెండోదాని కోసం ఎదురుచూశారు. వసుధైవ కుటుంబకం అంటాం గానీ, ఆ కుటుంబంలో కంచం ముందు కూర్చునేది ఎవరో మనకు బాగా తెలుసు. దాన్ని తప్పంటానా? నా తమ్ముడికి బెడ్ దొరకని వారంలో అనగలిగే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు కూడా లేదు.

హైదరాబాద్ ప్రపంచానికి టీకాలిచ్చే ఊరు అని సభల్లో చప్పట్లు కొట్టిస్తారు. నేనూ కొడతాను. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను మామూలు మనిషి కొనగలిగే ధరకు దించింది. ఇక్కడ తయారైన రోటావైరస్ టీకా 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వస్తే, మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చిన్న విషయాలు కావివి. కానీ చౌకవడం, అందడం ఒకటేనని మేం ఫార్మసీవాళ్ళం తొందరపడి అనుకున్నాం. సీసాలో ఒకటికి బదులు పది డోసులు నింపితే గాజు ఖర్చు తగ్గుతుంది, ఐస్ పెట్టెలో చోటు కలిసొస్తుంది, డోసు ధర దిగుతుంది. ఈ ముక్క నేనే పరీక్షలో పది మార్కులకు అడిగాను. అలా మిగిలిన రూపాయి ఎక్కడికో పోలేదు, పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ కూలిలోంచి కట్ అయింది. మా ఫారాల్లో వృథా అయిన డోసులకు గడి ఉంటుంది. తిరిగి వెళ్ళిపోయిన మనుషులకు లేదు.

ఏరు దాటి ఒకరినొకరు లెక్కపెట్టుకుని, ఎవరికి వారు తమని వదిలేసి, తొమ్మిదే వస్తోందని ఏడ్చిన ఆ పది మంది కథ అందరికీ తెలిసిందే. వేదాంతులకు అది ఆనందంతో ముగుస్తుంది: పదోవాడివి నువ్వేనయ్యా! నాకు ఆ మాట నర్సు చెప్పింది. అది విన్నప్పటి నుంచి, నన్ను కలుపుకోకుండా ప్రపంచాన్ని లెక్కపెట్టడం కుదరడం లేదు.

ఈ పేరా దాకా రాసి ఆపేద్దామనుకున్నాను. క్లాసులో అయితే ఇక్కడే ఆపుతాను. పిల్లలు కాసేపు మౌనంగా ఉంటారు, గంట కొడతారు. బాగా పండే కథ.

కిందటేడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ళమ్మ ఆశా కార్యకర్త. "సార్, ఆ సీసాలో పదకొండోది వచ్చిందా?" అని అడిగింది.

తెలిసినవాళ్ళే అడిగే ప్రశ్న అది. తయారీదారు సీసాలో కొంచెం ఎక్కువే నింపుతాడు. చెయ్యి తిరిగిన నర్సు, మందు మిగలనివ్వని సిరంజి ఉంటే, పదకొండు తీయగలదు. కేరళ నర్సులు అలా తీసే 2021 మేలో వచ్చిన డోసులకన్నా వేసిన డోసులు ఎక్కువ చూపించారు.

"గుర్తులేదమ్మా" అన్నాను.

గుర్తుంది. పదో డోసు నా భుజంలో దిగాక నర్సు సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇంకోటి ఉన్నది సార్ ఇండ్ల" అంది. ఆశాకు ఫోన్ చేసింది, ఎత్తలేదు. బత్తాయి తోట ఎటు అని నేను అడగలేదు. ఆమే చెప్పింది, చెరువు కట్ట దాటితే రెండు కిలోమీటర్లని. సీసాను మళ్ళీ ఐస్ ప్యాక్ మీద పెట్టింది. అరగంట ఆగి వెళ్ళమంది. వేపచెట్టు నీడన నా కారుకు ఆనుకుని కూర్చున్నాను. చొక్కా చెయ్యి మడిచి భుజం కనబడేలా ఫొటో తీసుకుని గ్రూపులో పెట్టాను. వరసగా పదిహేను నమస్కారాలు, పూలగుత్తులు వచ్చాయి. అన్నిటికీ జవాబిచ్చాను.

ఇన్నేళ్ళూ కాజేశానా, వేయించానా అని తవ్వుకుంటూ ఉన్నాను. ఆ ప్రశ్నలో ఒక సుఖం ఉంది, ఎటు తేలినా అది సీసా లెక్క.

సీసా తెరిచింది రెండుంపావుకు. ఆరుంపావు దాకా పనికొస్తుంది. నేను మూడింటికి కారు తీశాను. చెరువు కట్ట ఎడమ చేతివైపు కనిపించింది. నేను కుడికి, హైవే వైపు తిప్పాను.