ఆ ఎముకలు ఎవరివి?



ఇంగ్లండులోని వించెస్టర్ పట్టణం వెలుపల ఒకప్పుడు సెయింట్ మేరీ మాగ్దలీన్ పేరుతో కుష్ఠురోగుల ఆశ్రయం ఉండేది. అక్కడి సమాధులను పరిశోధకులు తవ్వి ఎముకలను పరిశీలించారు. ఎక్కువమందిలో కుష్ఠువ్యాధి గుర్తులు కనబడ్డాయి. వారిలో ఒక యువకుడు 18 నుండి 25 ఏళ్ల వయసువాడు. 11వ శతాబ్దం చివరనో 12వ శతాబ్దం మొదట్లోనో చనిపోయాడు. అతని దగ్గర ఒక ఆల్చిప్ప దొరికింది. స్పెయిన్‌లోని సంతియాగో యాత్ర చేసిన భక్తుల గుర్తు అది.

ఇది చదివి నా మనస్సు కలవరపడింది. నిద్రించినవారిని ఇలా కదిలించడం న్యాయమా? అతణ్ణి ఎవరూ అనుమతి అడగలేదు. మన అమ్మమ్మ సమాధిని తవ్వుతామంటే మనం ఊరుకుంటామా? యోసేపు కూడా తన ఎముకలను ఐగుప్తులో విడిచిపెట్టవద్దని తనవారిచేత ప్రమాణం చేయించుకున్నాడు గదా!

అయితే ఆ ఎముకలు ఏమి తెలియజేశాయో కూడా చూడండి. ఇంగ్లండు, డెన్మార్క్, స్వీడన్ దేశాల మధ్యయుగపు ఎముకలలోని కుష్ఠు క్రిమి జన్యువులను 2013లో చదివారు. నేటి క్రిమికీ దానికీ పెద్దగా తేడా లేదు. కాబట్టి క్రిమి బలహీనపడినందువల్లనే యూరప్‌లో వ్యాధి తగ్గిందని చెప్పలేము. మరొక మాట. ఆ రోగులను అందరూ వెలివేసి పారవేశారని మనం అనుకుంటాం. వించెస్టర్‌లోనైతే వారి సమాధులను శ్రద్ధగా, దేహానికి తగినట్టు మలిచి తవ్వారు. ఎవరో వారిని ప్రేమించారు.

మరి మనమో? నేడు ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమయ్యే వ్యాధి ఇది. అయినా పెళ్లి సంబంధం తప్పిపోతుందని ఆ పేరు ఇంట్లో పైకి చెప్పనివారు ఇంకా ఉన్నారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ కుష్ఠురోగులకు వైద్యం చేసింది. ఆమె సేవను గొప్పగా చెప్పుకుంటాం, కానీ రోగి పక్కన కూర్చోవడానికి వెనుకాడతాం.

నా మట్టుకు నేను ఇలా తలుస్తున్నాను. బ్రతికున్నవారికి మేలు కలిగేటట్లయితే, అవసరమైనంత మేరకే తీసుకొని, ఆ ఎముకలను గౌరవంగా చూస్తే, ఆ పరిశోధన తప్పు కాదు. వినోదం కోసం అద్దాల పెట్టెలో పెట్టి చూపించడం వేరు. అతడు వస్తువు కాదు, ఒక తల్లి కన్న బిడ్డ.

యేసు ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్నాడు. తొమ్మిది వందల ఏళ్లనాటి ఎముకలకు మనం చూపే గౌరవం, మన పక్కింట్లో బ్రతికున్న రోగికి చూపుతున్నామా? ఈ వారం ఒకసారి ఆలోచించండి.