ఎదురెదురు చర్చిలు

కెనడాలో గోధుమలు పండే మైదానాల్లో ఒక చిన్న ఊరు. ఆ ఊరి నడివీధిలో రెండు చర్చిలు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి రాతి కట్టడం, రెండోది ఎర్ర ఇటుకది. వాటి అసలు పేర్లు ఎవరూ పలికేవారు కాదు. రాతి చర్చి, ఇటుక చర్చి అంటే చాలు.

రాతి చర్చిలో ఏ ప్రశ్నయినా అడగవచ్చు. యోనా నిజంగా మూడు రోజులు చేప కడుపులో ఉన్నాడా అని ఒక కుర్రాడు అడిగితే పాస్టరుగారు కోప్పడరు, కథ వెనక భావం చూడమంటారు. స్త్రీలు కూడా అక్కడ వాక్యం చెప్పేవారు. ఇటుక చర్చిలో రాసినది రాసినట్టే నమ్మాలి. తాగకూడదు, ఆదివారం పొలం పని చేయకూడదు, రాబడిలో దశమభాగం తేవాలి. ఒక ఆదివారం ఎవరైనా రాకపోతే సోమవారం పొద్దున్నే సంఘపెద్ద వాళ్ళ తలుపు తట్టేవాడు.

రెండు చర్చిల్లోనూ గుమ్మం పక్కన గోడకు ఒక చెక్క పలక వేలాడేది. ఈ వారం ఎందరు వచ్చారు, పోయిన వారం ఎందరు వచ్చారు అని దానిమీద అంకెలు పెట్టేవారు. మొదట్లో రాతి చర్చి పలక మీద 300 ఉండేది, ఇటుక చర్చి పలక మీద 90. కాలంతో నడిచే సంఘాన్నే దేవుడు దీవిస్తాడని రాతి చర్చి పెద్దలు అనేవారు. ముప్పై ఏళ్ళకు లెక్క తలకిందులైంది. రాతి చర్చిలో 70 మంది మిగిలారు, ఇటుక చర్చిలో 260 మందికి కుర్చీలు చాలలేదు. ఇటుక చర్చి పాస్టరు వీధి అవతలికి చెయ్యి చూపించి, "వాక్యాన్ని పలచన చేసినవాళ్ళకు ఏమైందో చూశారా? మన పలకే మనకు సాక్ష్యం" అని ప్రసంగించాడు. రాతి చర్చి పాస్టరు తన 70 మందితో, "సత్యం ఎప్పుడూ కొద్దిమంది దగ్గరే ఉంటుంది" అన్నాడు.

మరో ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇటుక చర్చి పలక కూడా దిగడం మొదలుపెట్టింది. 200, 160, 120. అప్పుడు అక్కడి పాస్టరు ఇరుకు ద్వారం గురించి, ఆ దారిన వెళ్ళే కొద్దిమంది గురించి చెప్పసాగాడు. రాతి చర్చివాళ్ళ ముఖాల్లో ఒక తృప్తి కనిపించింది. సొంత సంఘం పెరగకపోయినా ఎదుటి సంఘం తగ్గిందన్న తృప్తి అది.

ఒక జనవరిలో ఇటుక చర్చి బాయిలరు పగిలిపోయింది. బయట గడ్డకట్టే చలి, మరో దారి లేదు. రెండు సంఘాలూ రాతి చర్చిలోనే కలిసి ఆరాధన చేశాయి. ఆరాధన అయ్యాక టీ తాగుతూ పెద్దలు మాటామాటా అనుకున్నారు. మీ బోధే జనాన్ని తరిమేసిందని ఇటుక చర్చివాళ్ళు, మీ కట్టుబాట్లే పిల్లల్ని తరిమేశాయని రాతి చర్చివాళ్ళు.

ఆ రెండు చర్చిలకూ బాయిలరు చూసే పెద్దాయన ఒక్కడే. శనివారం రాత్రి మంటలు వేసేదీ, ఆదివారం తలుపులు మూసేదీ ఆయనే. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు పోయేముందు ఆయనకు ఒక మాట చెప్పి వెళ్ళేవారు. పాస్టరుకు చెప్పలేని సంగతులు కూడా ఆయనకు చెప్పేవారు. ఆయన వాటిని ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, నువ్వు రెండు చోట్లా ఉన్నావు. ఎవరిది తప్పో నువ్వే చెప్పు" అన్నారు పెద్దలు.

ఆయన పుస్తకం తెరిచాడు. "పాస్టరుగారూ, మీ రాతి చర్చి నుంచి పోయినవాళ్ళంతా ఎదురు చర్చిలో చేరారని మీరు అనుకుంటున్నారు. వీధి దాటినవాళ్ళు చాలా తక్కువ. మీ ఇళ్ళలో ఒకరో ఇద్దరో పిల్లలు పుట్టారు. చదువుకోవడానికి పట్నం పోయారు. అక్కడ చర్చి మెట్లు ఎక్కలేదు. ఎందుకు ఎక్కాలో ఇక్కడ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ప్రశ్నలు అడగనిచ్చారు. ఒక్కదానికైనా, నేను దీన్ని నమ్ముతున్నాను, ఇదిగో ఇందుకు నమ్ముతున్నాను అని జవాబు చెప్పినవాళ్ళు లేరు."

ఇటుక చర్చి పెద్దలు తల ఊపారు. ఆయన పేజీ తిప్పాడు.

"మీ పలక పెరిగిన రోజుల్లో మీ ఇంటింటికీ నలుగురైదుగురు పిల్లలు. ఉయ్యాలలు నిండాయి, బల్లలు నిండాయి. ఏ పిల్లవాడు రాకపోయినా వెళ్ళి తెచ్చుకున్నారు, అది మీ గొప్పతనం. ఇప్పుడు మీ ఇళ్ళలోనూ ఇద్దరే. మీ పిల్లల దగ్గర జవాబులన్నీ ఉన్నాయి. ఒక ప్రశ్న పుట్టిన రోజున దాన్ని తీసుకుని ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియక ఊరే వదిలేశారు. ఇదిగో, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె. అడిగినందుకు సంఘం ముందు నిలబెట్టారట."

ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఆ పుస్తకంలోని కాగితాలు విడదీసి ఎవరి సంఘం పేర్లు వాళ్ళకు ఇచ్చాడు. "అవతలి పలక చూసింది చాలు. వీళ్ళకు ఉత్తరాలు రాయండి. చిరునామాలు వెనక ఉన్నాయి" అన్నాడు.

కథ అయింది. ఇక నీతి.

ఊరు కల్పితం, లెక్క తీరు మాత్రం ఉత్తర అమెరికాలో నిజంగా జరిగినదే. అమెరికాలో రాతి చర్చిలా ఉదారవాద ధోరణి గల ఎపిస్కోపల్ చర్చికి 1960లలో సుమారు 34 లక్షల సభ్యులు ఉండేవారు. ఇప్పుడు 16 లక్షల లోపే. మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో ఎక్కువ భాగం కలిసి 1925లో కెనడా యునైటెడ్ చర్చిని కట్టుకున్నారు. 1960లలో దానికి 10 లక్షలకు పైగా సభ్యులు, నేడు 4 లక్షలు కూడా లేరు. ఆ రోజుల్లో ఇటుక చర్చిలాంటి సంప్రదాయవాద సంఘాలు పెరుగుతూ పోయాయి. 1972లో డీన్ కెల్లీ అనే మెథడిస్టు పాస్టరు ఈ పెరుగుదల మీద ఒక పుస్తకం రాస్తే అది పెద్ద దుమారం రేపింది. ఆయన పనిచేసింది ఉదారవాద సంఘాలు ఎక్కువగా ఉన్న జాతీయ చర్చిల మండలిలో. అంటే సొంత ఇంటివాళ్ళకు చేదు మాట చెప్పాడు.

కెల్లీ మాటను చాలామంది సగమే విన్నారు. సంప్రదాయ బోధ నిజం కాబట్టి జనం వస్తున్నారని ఆయన అనలేదు. జీవితానికి అర్థం చెప్పి, దానికోసం సమయం, డబ్బు, క్రమశిక్షణ అడిగే సంఘం బలంగా ఉంటుందన్నాడు. సంప్రదాయ సంఘాలు అని కాక కఠిన సంఘాలు అని పేరు పెట్టి ఉండాల్సిందని తర్వాత తానే అన్నాడు. 1994లో లారెన్స్ ఇయానకోన్ అనే ఆర్థికవేత్త ఈ వాదానికి మరింత పదును పెట్టాడు. ఏమీ అడగని చోట ఊరికే కూర్చుని లాభం పొందేవాళ్ళు పోగవుతారు. అడిగే చోట మనసున్నవాళ్ళే మిగులుతారు, వాళ్ళ ఉత్సాహం పక్కవాళ్ళకు అంటుకుంటుంది. నా దృష్టిలో ఇది చాలావరకు నిజం.

అయితే ఉయ్యాలల సంగతి మరిచిపోకూడదు. 2001లో మైకేల్ హౌట్, ఆండ్రూ గ్రీలీ, మెలిస్సా వైల్డ్ అనే సమాజ శాస్త్రవేత్తలు లెక్క తీశారు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా ప్రొటెస్టంటుల్లో సంప్రదాయ సంఘాల వాటా పెరగడానికి దాదాపు నాలుగింట మూడు వంతుల కారణం ఒక్కటే. అక్కడి స్త్రీలకు ఎక్కువమంది పిల్లలు పుట్టారు, తొందరగా పుట్టారు. పూర్వం సంప్రదాయ సంఘాలవాళ్ళు నాలుగు డబ్బులు చేతికి రాగానే పెద్ద ఉదారవాద చర్చిలకు మారేవారు. అలా మారేవాళ్ళు తగ్గిపోవడం మరో కారణం. వేదిక మీద పాస్టరు తన బోధకు దేవుడిచ్చిన బహుమానమని చెప్పుకున్న దానిలో చాలా భాగం ప్రసూతి గదుల్లో జరిగింది.

తర్వాత సంప్రదాయ సంఘాల వంతూ వచ్చింది. అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టంట్ సంఘమైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 2006లో 1 కోటి 63 లక్షల మందితో శిఖరానికి చేరింది. 2023 నాటికి 1 కోటి 30 లక్షల కిందికి దిగింది. ఈ మధ్యలో దాని బోధ ఉదారంగా ఏమీ మారలేదు. ఏదో ఒక చర్చిలోనో, యూదుల సినగాగులోనో, మసీదులోనో సభ్యత్వం ఉందని చెప్పిన అమెరికన్లు 1999లో నూటికి 70 మంది. గాలప్ సంస్థ 2020లో అడిగేసరికి 47 మంది.

ఇంతమాత్రాన బోధకు పాత్రే లేదని ఉదారవాద సంఘాలు ఊరట చెందడానికి వీల్లేదు. 1960లలో ప్రెస్బిటేరియన్ చర్చిలో విశ్వాసం ఒప్పుకుని సభ్యులైన యువతీయువకులు ఏమయ్యారో 1990లలో వెలువడిన ఒక అధ్యయనం వెతికింది. సంప్రదాయ చర్చిలకు మారినవాళ్ళు కొద్దిమందే. చాలామంది ఏ చర్చికీ వెళ్ళడం లేదు. నిలిచి ఉన్నవాళ్ళను మిగిలినవాళ్ళ నుంచి వేరుచేసి చూపించినది వాళ్ళ విశ్వాసమే. 2016లో వెలువడిన అధ్యయనంలో అంటారియోలోని 22 చర్చిలను పరిశీలించిన కెనడా పరిశోధకులకూ ఇలాంటిదే కనిపించింది. అన్నీ యునైటెడ్, ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, లూథరన్ సంఘాలే, 9 పెరుగుతున్నవి, 13 తగ్గుతున్నవి. పెరుగుతున్న చోట పాస్టర్ల నమ్మకం సభ్యుల కంటే గట్టిగా ఉంది. తగ్గుతున్న చోట పాస్టర్లే సభ్యుల కంటే తక్కువ నమ్ముతున్నారు. ముందు నడవాల్సినవాడు తనకే నమ్మకం లేని మాట చెబితే వినేవాడు ఎందుకు లేచి వస్తాడు?

పలక మీది అంకెనే సాక్ష్యంగా చూసే ఈ జబ్బు మనకూ కొత్త కాదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మాలు జరిపించిన సంగతి తెలుగు క్రైస్తవులందరికీ గర్వకారణం. ఆ అంకె అందరికీ గుర్తుంది. దానికి ముందు ఆయన చేసినది తక్కువమందికి గుర్తుంది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం వచ్చి పేరు రాయించుకున్నారన్న మాట రాకూడదని. జనం వస్తామంటుంటే అంకెను వద్దన్న మనిషి ఆయన. ఆయనను పంపిన అమెరికన్ బాప్టిస్టుల సంఘాలు ఇవాళ తమ దేశంలో తగ్గిపోతున్నవాటిలో ఉన్నాయి. అందుకని ఆనాటి ఆయన సేవ అబద్ధమవుతుందా? కాదు. అలాగే మన పట్నాల్లో వేలమంది పట్టే మందిరాలు కట్టినంతమాత్రాన అక్కడి బోధ నిజమని రుజువు కాదు. ఇరవై మంది కూర్చునే పల్లె సంఘం చిన్నదైనందువల్ల పవిత్రమూ కాదు.

సంఘపెద్దలకు నా మనవి ఇది. వచ్చే వార్షిక సమావేశంలో సభ్యుల సంఖ్య చదివాక అక్కడే ఆగకండి. గత ఐదేళ్ళలో రావడం మానేసిన పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ పిల్లల పేర్లు చదవండి. ఒక్కొక్కరి ఇంటికి ఒక పెద్ద వెళ్ళాలని తీర్మానం చేయండి. వెళ్ళినవాళ్ళు వాదించకండి, తిరిగి రమ్మని బతిమాలకండి. ఎందుకు మానేశావమ్మా అని అడిగి, చెప్పినదంతా ఓపికగా విని, ఆ తర్వాత మీరు ఎందుకు నమ్ముతున్నారో మీ సొంత మాటల్లో చెప్పండి.